వంపు ఎంత పైపు తింటుంది?

నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్న మొదటి ఏడాది ఒక ఫంక్షన్ హాలు వాళ్లు మెట్ల పక్కన నిలబెట్టడానికి 24 గార్డులు చేయమన్నారు. 38 మి.మీ. స్టీలు పైపు, 18 గేజి. ఆకారం తిరగేసిన యూ: రెండు కాళ్లు, పైన అడ్డం, రెండు మూలల్లోనూ గుండ్రటి వంపు. డ్రాయింగులో నేరుగా ఉండే భాగాల కొలతలు రాసే ఉన్నాయి. కాళ్లు 600 చొప్పున, పై అడ్డం 500. వంపులకి పైపు ఎంత పడుతుందో మాత్రం నేను కట్టుకోవాలి. డై తీసి, నడిమి రంధ్రం నుంచి గాడి అడుగు దాకా టేపు పెట్టాను. 95 వచ్చింది. ఆ లెక్కన ఒక్కో వంపుకి 149, రెండిటికీ 298. అంతా కూడితే 1998. అంటే ఆరు మీటర్ల పైపులో సరిగ్గా మూడు ముక్కలు, మధ్యలో రెండు కోతలకి కటింగ్ బిళ్ల తినే ఆరు మిల్లీమీటర్లతో సహా. తుక్కు చిటికెడు లేదు. ఎనిమిది పైపులు తెప్పించి, ఆ సంబరంలో ఒక్క పూటలో 24 ముక్కలూ కోసి గోడవార పేర్చేశాను.

మర్నాడు మొదటి ముక్క వంచి నేల మీద నిలబెట్టాను. ఒక కాలు నేలకి ఆనింది. రెండో కాలు మూడు వేళ్ల ఎత్తున గాల్లో ఉంది.

60 మి.మీ. తక్కువ. ఇరవై నాలుగింటికీ అంతే. ఆ పైపు మీటరుకి కిలో వంద గ్రాముల దాకా తూగుతుంది. ఎనిమిది పైపులంటే సుమారు యాభై మూడు కిలోల స్టీలు ఆ పనికి అక్కరకు రాకుండా పోయింది. అతుకేసి పాలిష్ పట్టిస్తే కనబడదేమోనని ఒకదాని మీద చేసి చూశాను. ఎండలో పెట్టగానే గీత తెలిసిపోయింది. హాలు వాళ్లు వద్దన్నారు, వద్దనడమే న్యాయం. పన్నెండు పైపులు అప్పు మీద తెచ్చి, 2058 చొప్పున కోసి పని అప్పజెప్పాను. ఆ పాత ముక్కలు చిన్నాచితకా పనులకి వాడుకుంటూ వదిలించుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఈ అధ్యాయం ఆ 60 మిల్లీమీటర్ల గురించే. మన వృత్తిలో చెయ్యి తిరిగిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు వేసిన వెల్డింగు పూస చూస్తే ముచ్చటేస్తుంది. కానీ లెక్క దగ్గరికి వచ్చేసరికి అది ఇంజనీర్ల పని అని పక్కకి తప్పుకుంటారు. లేదంటే ఎందుకైనా మంచిదని నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంచి కోస్తారు. ఎక్కువ ఉంచిన ఆ నాలుగు అంగుళాలూ తుక్కు బుట్టలో పడి సగానికి సగం తక్కువ ధరకి కాటాకి పోతాయి. నేను చెప్పే లెక్కలో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తప్ప మరేమీ లేవు. ఫోనులో క్యాలిక్యులేటరు ఉంటే చాలు.

ముందు నేను చేసిన తప్పేమిటో చూద్దాం. ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తుంది, బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది. ఇరుసు నడిమి భాగం ఆ రెండిటికీ మధ్యలో ఉండే దూరం పోతుంది. వంగే పైపు కూడా అంతే. వంపు లోపలి వైపు లోహం కుదించుకుపోతుంది, బయటి వైపు సాగుతుంది, పైపు నట్టనడుమ ఊహించుకునే గీత మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటుంది. మనం కోయాల్సిన పొడవు ఆ నడిమి గీత పొడవు. నేను డై గాడి అడుగు దాకా కొలిచాను. గాడి అడుగున ఆనేది పైపు లోపలి అంచు. నడిమి గీత అక్కడికి పైపు మందంలో సగం, అంటే 19 మి.మీ. అవతల ఉంది. అసలు వ్యాసార్థం 114. వంపుకి కావాల్సింది 149 కాదు, 179. ఒక్కో వంపు దగ్గర 30 పోయింది, రెండు వంపుల మీద 60.

నమ్మకం కుదరకపోతే ఒక తుక్కు ముక్క తీసుకుని మీరే చూడండి. పైపు ఒక పక్క పొడుగునా సన్న మార్కరుతో ప్రతి 10 మి.మీ.కీ ఒక అడ్డగీత పెట్టండి. దానికి ఎదురు పక్కన కూడా అలాగే, ఆ రెండిటి మధ్య పక్కవాటు మీద కూడా అలాగే. ఒక వరస లోపలికి, ఒకటి బయటికి, మూడోది పక్కకి వచ్చేలా డైలో పెట్టి 90 డిగ్రీలు వంచండి. 32 మి.మీ. పైపు, నడిమి వ్యాసార్థం 100 అయితే, బయటి వరసలో గీతల మధ్య ఎడం 11.6కి దగ్గరగా వస్తుంది. లోపలి వరసలో 8.4కి దిగిపోతుంది, గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తాయి. పక్కన గీసినవి మాత్రం ఇంచుమించు 10 దగ్గరే నిలబడి ఉంటాయి. మా షెడ్డులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడి చేతా మొదటి వారంలోనే ఇది చేయిస్తాను. ఒకసారి కళ్లతో చూసినవాడు డైని లోపలి అంచు దగ్గర కొలిచి ఊరుకోడు.

ఇక సూత్రం. నడిమి వ్యాసార్థాన్ని డిగ్రీలతో గుణించి, దాన్ని 0.01745తో గుణిస్తే వంపు తినే పైపు పొడవు వస్తుంది. ఆ 0.01745 ఎక్కడి నుంచి వచ్చిందంటే, పై (π) విలువని 180తో భాగిస్తే వచ్చేది అదే. 90 డిగ్రీల వంపుకైతే ఇంకా తేలిక, వ్యాసార్థాన్ని 1.57తో గుణించండి. వ్యాసార్థం 100 అయితే 157. బడిలో నేర్చుకున్న 22/7 వాడినా మన పనికి తేడా ఏమీ రాదు. ఈ వంపు మీద ఆ తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు.

పై అంటే నాకు ఆర్యభటుడు గుర్తొస్తాడు. 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత 62,832 అని క్రీ.శ. 499 నాటి తన ఆర్యభటీయంలో చెప్పాడు. భాగిస్తే 3.1416. అంత సూక్ష్మంగా కట్టినవాడు దాన్ని "ఆసన్నం" అన్నాడు, అంటే దగ్గరగా ఉన్నది అని. ఆ మాట పైపు పనికి కూడా వర్తిస్తుందని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. కాగితం మీది లెక్క మనల్ని దగ్గరకు తీసుకెళ్తుంది. మిగిలిన ఒకటి రెండు మిల్లీమీటర్లు మన మిషనే చెప్పాలి. అది ఎలా చెప్పించాలో కాసేపట్లో వస్తాను.

పార్టీ వాళ్లు సాధారణంగా నేరు భాగాలు విడగొట్టి కొలతలు ఇవ్వరు. బయటి నుంచి బయటికి ఇంత వెడల్పు, నేల నుంచి ఇంత ఎత్తు అని చెబుతారు. బడి బల్లకి ఫ్రేములు చేస్తున్నాం అనుకోండి. 32 మి.మీ. ఎమ్మెస్ ట్యూబు, తిరగేసిన యూ ఆకారం, ఎత్తు 750, వెడల్పు బయటికి 900, డై నడిమి వ్యాసార్థం 100. చాలామంది 750, 900, 750 కూడేసి 2400 కోస్తారు. అంత పైపు అక్కర్లేదు. మూల మొనదేలి ఉంటే ఆ కొలత సరిపోయేది. మన మూల గుండ్రంగా ఉంది, పైపు మూల చివరి దాకా వెళ్లకుండా అడ్డదారిన తిరిగి వస్తోంది. పొలం గట్టు మూల దాకా నడవకుండా చేలో అడ్డంగా పడి పోయినట్టు. ఆ మిగులు ఎంతో తెలిస్తే లెక్క అయిపోయినట్టే.

ముందు బయటి కొలతల్ని నడిమి గీత కొలతలుగా మార్చుకోవాలి. ఎత్తులో ఒక పక్కే పైపు మందం ఉంది కాబట్టి సగం మందం, 16 తీసేయండి: 734. వెడల్పులో రెండు పక్కలా ఉంది కాబట్టి 32 తీసేయండి: 868. ఇప్పుడు 734, 868, 734 కూడితే 2336. ఇది మూల నుంచి మూలకి నడిమి గీత. ఒక్కో 90 డిగ్రీల మూల దగ్గర పైపు నడవాల్సిన దూరం రెండు వ్యాసార్థాలు, అంటే 200. నిజంగా నడిచింది 157. మిగిలింది 43. రెండు మూలలకీ 86. 2336లోంచి 86 పోతే 2250. మనం కోయాల్సిన పొడవు అది.

2400కీ 2250కీ తేడా ముక్కకి 150 మి.మీ. నలభై ఫ్రేములు చేస్తే 6000, అంటే నిండు పైపు ఒకటి తురుము తురుముగా పోయినట్టు. ఇంకో సంగతి కూడా ఉంది. ఎలా కోసినా ఆరు మీటర్ల పైపులో రెండు ముక్కలే వస్తాయి, కానీ 2250 చొప్పున కోస్తే మీటరున్నరకి ఆరు మిల్లీమీటర్లు తక్కువగా ముక్క మిగులుతుంది. అయిదడుగుల బల్లకి కింద వేసే అడ్డం అందులోనే వచ్చేస్తుంది. 2400 చొప్పున కోసినవాడికి మిగిలే 1200 ముక్క దానికి చాలదు, అడ్డాలకి వేరే పైపు కొనాల్సిందే. కొటేషన్ వేసేటప్పుడు మీకూ పక్క షెడ్డుకీ తేడా ఇలాంటి చోట్లే పుడుతుంది.

వంపు ఎక్కడ మొదలవ్వాలో కూడా ఇందులోనే ఉంది. కాలు 734లోంచి వ్యాసార్థం 100 తీసేస్తే 634. పైపు చివర నుంచి 634 దగ్గర మార్కు పెట్టి, ఆ మార్కు డై మొదటి అంచుకి సరిగ్గా వచ్చేలా బిగించాలి. ఇది పైపుని డై చుట్టూ లాగి వంచే మిషన్ సంగతి. హ్యాండిల్ కొట్టి వంచే హైడ్రాలిక్ బెండర్ అయితే పద్ధతి వేరు. అందులో డై పైపు మధ్యలో నెడుతుంది, రెండు పక్కలా రోలర్లు ఆపుతాయి. కాబట్టి మార్కు వంపు మొదట్లో కాదు, వంపు నడుమ పెట్టాలి. వంపు పొడవు 157లో సగం, 78న్నర కలిపి 712న్నర దగ్గర. ఒక మిషన్ మీద నేర్చుకున్నవాడు రెండోదాని మీదికి వెళ్లినప్పుడు జరిగే పొరపాటు ఎక్కువగా ఇదే. కొలత తప్పు ఉండదు, పైపు పొడవు తప్పు ఉండదు, కాళ్లు మాత్రం ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వస్తాయి.

ఇప్పుడు మిషన్ చేత చెప్పించడం. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. కొత్త డై వచ్చినా, పైపు సైజు మారినా, ఎమ్మెస్ నుంచి స్టీలుకి మారినా, పని మొదలుపెట్టే ముందు ఒక ముక్క వంచి చూడాలి. తుక్కులోంచి మంచి ముక్క ఏరి, సరిగ్గా 600కి కోయండి. చివరలు రెండూ గ్రైండరుతో సాపు చేసి మళ్లీ కొలవండి, 600 అంటే 600 ఉండాలి. ఒక చివర నుంచి 250 దగ్గర మార్కు పెట్టి, మార్కుని డై అంచుకి పట్టించి, 90కి వంచండి. ఇప్పుడు చదునైన బల్ల మీద మూలమట్టం పెట్టి రెండు కాళ్లూ బయటి అంచు నుంచి చివర దాకా కొలవండి.

నా దగ్గరున్న ఒక డై మీద, ఇదే 32 మి.మీ. ట్యూబుకి, మార్కు పెట్టిన వైపు కాలు 368 వచ్చింది, రెండో కాలు 309. కూడితే 677. రెండు సగం మందాలు, అంటే 32 తీసేస్తే 645. మనం పెట్టింది 600. అంటే ఆ మూల దగ్గర నిజంగా మిగిలింది 45. కాగితం మీద 43 అనుకున్నాం. ఆ రెండు మిల్లీమీటర్లకి కారణాలు ఉన్నాయి. డై చుట్టూ లాగేటప్పుడు పైపు కొద్దిగా సాగుతుంది. పైగా వంచి వదలగానే పైపు కాస్త వెనక్కి తెరుచుకుంటుంది. అందుకే 90 రావాలంటే ఎమ్మెస్‌ని నేను 91న్నర దాకా వంచుతాను, స్టీలుని 93 దాకా. మీ డైకి, మీ గేజికి ఈ అంకె వేరుగా ఉంటుంది. అలా తెరుచుకున్నప్పుడు కోణంతోపాటు వ్యాసార్థం కూడా కొంచెం పెద్దదవుతుంది. 100 అనుకున్నది 101, 102 అవుతుంది.

అదే ముక్క ఇంకో అంకె కూడా చెప్పింది. మార్కు 250 దగ్గర పెడితే బయటి అంచు 368 దగ్గర తేలింది. మార్కుకీ బయటి అంచుకీ మధ్య 118. లెక్క ప్రకారం అది 116 ఉండాలి. కాబట్టి 750 కాలు రావాలంటే మార్కు 634 దగ్గర కాదు, 632 దగ్గర పెట్టాలి. కోసే పొడవు కూడా 2336లోంచి రెండు 45లు పోగా 2246. రెండో వంపుకి మార్కు ముందే పెట్టకండి. మొదటి వంపు అయ్యాక, ఆ కాలి బయటి అంచుకి మూలమట్టం ఆనించి, అక్కడి నుంచి 900లో 118 పోగా 782 దగ్గర పెట్టండి. అలా చేస్తే మొదటి వంపులో వచ్చిన చిన్న తేడా రెండోదాని మీదికి పాకదు.

ఈ రెండు అంకెలు, 45, 118, ఆ డైకీ ఆ పైపుకీ సొంతం. మా షెడ్డు గోడ మీద నల్ల పెయింటుతో గడులు గీసి రాయించాను. పైపు సైజు, గేజి, ఎమ్మెస్సా స్టీలా, డై, మూల మిగులు, మార్కు దూరం, ఎంత దాకా వంచితే 90 వస్తుంది. పుస్తకంలో రాస్తే గ్రీజు చేతులతో ఎవరూ తెరవరు. గోడ అందరికీ కనబడుతుంది, రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉన్న కుర్రాడికి కూడా.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ 90 డిగ్రీల సంగతి. కోణం మారితే మిగులు కూడా మారుతుంది, అయితే ఒకే పాళ్లలో కాదు. వ్యాసార్థం 100 ఉన్నప్పుడు 30 డిగ్రీల వంపు దగ్గర మిగిలేది ఒక మిల్లీమీటరు పైచిలుకు. 45 దగ్గర 4.3. 60 దగ్గర 10.7. 90కి వచ్చేసరికి 43. అంటే తక్కువ కోణం వంపుల్లో అడ్డదారి, అసలు దారి ఇంచుమించు ఒకటే. వ్యాసార్థం 150 అయితే వీటిని ఒకటిన్నరతో గుణించుకోండి, 114 అయితే 1.14తో. దూలాన్ని తప్పించడానికి పైపుని 45 డిగ్రీల్లో పక్కకి జరిపి మళ్లీ నేరుగా తీసుకెళ్లే పని తరచుగా తగులుతుంది. ఎంత జరపాలో దాన్ని 1.414తో గుణిస్తే ఏటవాలు భాగం పొడవు వస్తుంది. 150 జరపాలంటే 212. అక్కడ పొడవు కంటే ముందు చూడాల్సింది చోటు. ఒక్కో వంపు ఆ ఏటవాలులో మూల నుంచి 41 తీసుకుంటుంది, రెండూ కలిసి 83. ఏటవాలు అంతకన్నా పొట్టిగా ఉంటే ఒక వంపు పూర్తవకుండానే రెండోది మొదలవ్వాలి, అది ఆ డై మీద కాదు. 83కి పైన మీ మిషన్ బిగింపు పట్టడానికి కావాల్సిన చోటు కూడా కలుపుకోండి.

గేటు ఆర్చి వేరే కథ. అక్కడ డై ఉండదు, రోలింగ్ మిషన్ మీద పైపుని మెల్లగా తిప్పుతూ వంచుతాం. ఇంటాయన చెప్పేది రెండే అంకెలు: గేటు ఇంత వెడల్పు, ఆర్చి నడుమ ఇంత లేవాలి. వెడల్పు 3000, ఎత్తు 450 అనుకుందాం, రెండూ నడిమి గీత మీద. వ్యాసార్థం కావాలంటే సగం వెడల్పుని దానితోనే గుణించండి, ఎత్తుని దానితోనే గుణించి కలపండి, వచ్చినదాన్ని ఎత్తుకి రెట్టింపుతో భాగించండి. 1500 సార్లు 1500, దానికి 450 సార్లు 450 కలిపితే 24,52,500. దాన్ని 900తో భాగిస్తే 2725. రోలింగ్ చేసేవాడికి ఇవ్వాల్సిన వ్యాసార్థం ఇది. చెక్క మీద ఈ వ్యాసార్థంతో గీత గీసి అచ్చు కోసి ఇస్తే ఇంకా మంచిది.

పొడవుకి మాత్రం మంచి దగ్గరదారి ఒకటి ఉంది. ఎత్తుని దానితోనే గుణించి, 8తో గుణించి, వెడల్పుకి మూడింతలతో భాగించి, వచ్చినదాన్ని వెడల్పుకి కలపండి. ఇక్కడ 180 వస్తుంది, మొత్తం 3180. కోణం కట్టి సూక్ష్మంగా చేస్తే 3177. మూడు మీటర్ల మీద మూడు మిల్లీమీటర్లు, ఆ పనికి అది ఏమీ కాదు. కానీ ఈ దారికి ఒక హద్దు ఉంది. ఎత్తు వెడల్పులో ఆరో వంతు దాటకపోతేనే వాడండి. అదే గేటుకి 750 ఎత్తు అడిగితే 23 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. అర్ధచంద్రాకారం అయితే 5000 అంటుంది, నిజానికి కావాల్సింది 4712. అర్ధవృత్తానికి ఈ దారి అక్కర్లేదు, వ్యాసార్థాన్ని 3.1416తో గుణిస్తే అయిపోతుంది.

రోలింగుకి పంపే పైపుని లెక్క పొడవుకి కోసి పంపకండి. మిషన్ పట్టు దొరక్క రెండు చివరలూ కొంత మేర నేరుగా మిగిలిపోతాయి. కింది రెండు రోలర్ల మధ్య దూరంలో సగం, ఆపైన ఇంకో రెండు అంగుళాలు, ఒక్కో చివరా ఎక్కువ ఉంచండి. వంగి వచ్చాక అచ్చు మీద పెట్టి రెండు చివరలూ కోసుకోవాలి. ఇది తుక్కు కాదు, ఆ పని ఖరీదులో భాగం. కొటేషన్‌లో కూడా చూపించండి.

సరుకు కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి, లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. కొట్లో అంగుళం పైపు అని అడిగితే రెండు రకాల సరుకు చేతికి రావచ్చు. నీళ్ల పైపుకి అంగుళం అన్నది బోరు పేరు, బయట కొలిస్తే 33.7 మి.మీ. దాకా ఉంటుంది. ఫర్నిచర్ ట్యూబుకి అంగుళం అన్నది బయటి కొలత, 25.4. అర అంగుళం నీళ్ల పైపు బయట 21.3, ముప్పావు 26.9, అంగుళంన్నర 48.3. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, హైదరాబాద్ రాణీగంజ్‌లో కొన్నా బిల్లు మీద రాసినదాన్ని నమ్ముకోకుండా వెర్నియర్ పెట్టి బయటి వ్యాసం చూసుకోండి. పొడవు లెక్కలోనూ సగం మందం వస్తుంది, డై ఎంపికలోనూ అదే. హైడ్రాలిక్ బెండర్‌తో వచ్చే డైలు ఎక్కువగా నీళ్ల పైపు సైజులకి చేసినవి. 33.7 గాడిలో 31.75 ట్యూబు పెడితే రెండు మి.మీ. వదులు. గోడల ఆసరా లేక పైపు ఆ వంపు దగ్గర చప్పట అవుతుంది. పల్చటి గేజి అయితే లోపలి వైపు ముడతలు పడతాయి. చప్పట అయిన వంపు కొలతలు కూడా తప్పుతాయి, అక్కడ నడిమి గీత నడుమ ఉండదు కాబట్టి.

ముడత పడకుండా ఇసుక నింపి వేడి చేసి వంచే పాత పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. అలా చేసేవాళ్లకి రెండు మాటలు. ఇసుకని పెనం మీద బాగా వేయించి, ఆరబెట్టి నింపండి. తడి మిగిలిన ఇసుక నింపి రెండు చివరలూ బిగించి వేడి చేస్తే లోపల ఆవిరి పుట్టి బిరడా తూటాలా బయటికొస్తుంది. అలాగే జీఐ పైపుని మంట మీద పెట్టకండి. పూత కాలి లేచే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం పట్టుకుంటుంది. పైపు మళ్లీ కొనుక్కోవచ్చు.

కోసే రోజున మా షెడ్డులో వరస ఇది. గోడ మీద అంకె చూస్తాం. లెక్క కాగితం మీద కాదు, పైపు మీదే సుద్దతో రాస్తాం, ఇంకొకడు వచ్చి అదే లెక్క మళ్లీ కడతాడు. ఒక్క ముక్క కోస్తాం. దాన్ని వంచి, నిలబెట్టి, రెండు కాళ్లూ నేలకి ఆనాయో లేదో చూస్తాం. ఆ తర్వాతే మిగతావి మిషన్ దగ్గరికి వెళ్తాయి. ఆర్డరు ఎంత పెద్దదైనా, పార్టీ ఫోను మీద ఫోను చేస్తున్నా సరే, మొదటి ముక్క నిలబడేదాకా రెండోది కోయం.

పోయిన వారం 50 మి.మీ. స్టీలు పైపుకి కొత్త డై దింపుకున్నాం, నడిమి వ్యాసార్థం 150. దానికి 600 ముక్క చాలదు, వంపే 236 తింటుంది, ఆపైన రెండు పక్కలా మూలమట్టం ఆనించేంత నేరు భాగం మిగలాలి. 800 ముక్క ఒకటి కోసి చివరలు సాపు చేసి పెట్టించాను. గోడ మీద దాని వరసలో పైపు సైజు, గేజి, స్టీలు అని, డై మాత్రం రాసి ఉన్నాయి. మిగిలిన మూడు గడులూ రేపు పొద్దున్న నిండుతాయి.